శవానికీ పహచాన్ కావాలి

డిగ్రీలో మాకు ఇంగ్లీషు నాన్ డిటెయిల్‌గా వాల్టర్ స్కాట్ ‘ఐవాన్‌హో’ సంక్షిప్త ప్రతి ఉండేది. పరీక్షకు పనికొచ్చే ప్రశ్నలు లెక్చరరుగారు బోర్డు మీద రాసేవారు. అందులో ఒకటి తప్పకుండా శాక్సన్లకూ నార్మన్లకూ మధ్య వైరం గురించి. శాక్సన్లు ఆ నేల మనుషులు. నార్మన్లు సముద్రం దాటొచ్చి రాజ్యమేలిన పరాయివాళ్లు. పాఠం జరుగుతుండగా పక్క బెంచీ మిత్రుడు మా వైపు తిరిగి, ‘అంటే మీరేరా నార్మన్లు’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. సాయంత్రం ఇంటికెళ్లేసరికి అబ్బా ఎప్పటిలాగే సైకిల్ షాపులో కూర్చుని పంక్చర్ వేస్తున్నాడు. మోచేతుల దాకా గ్రీజు. మా తాతలు గెలిచిన కోట ఏదో, ఏలిన జాగీరు ఏదో మాకిప్పటికీ తెలియదు. ఇంట్లో ఉన్న పాత కాగితమల్లా రేషన్ కార్డు.

ఆ నవ్వు మాలో చాలాకాలం ఉండిపోయింది. తర్వాత పత్రికా రచనలోకి వచ్చాం. అక్కడో పుస్తకం ఇక్కడో పుస్తకం పట్టుకుని ఇంగ్లండు న్యాయ చరిత్ర చదివినప్పుడు తెలిసింది, మా క్లాసులో చెప్పిన కథకూ, ఆ దేశపు కచేరీ రికార్డుల్లో ఉన్న కథకూ పొంతన లేదని. ‘ఇంగ్లీషువాడు’ అన్న మాట ఆ రికార్డుల్లో గర్వంగా చెప్పుకునే పేరుగా మొదలు కాలేదు. ఒక శవం పక్కన నిలబడి నిరూపించాల్సిన విషయంగా కనబడింది. మైనారిటీ అస్తిత్వం గురించి మాట్లాడుకునే ఈ సంకలనంలో ఇంగ్లీషువాళ్ల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మనల్ని రెండు వందల ఏళ్లు ఏలినవాళ్లు కూడా ఒకనాడు ‘నువ్వెవరు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకున్నారు. ఆ ప్రశ్న ఎవరు వేశారు, ఎందుకు వేశారు, తర్వాత అది ఎవరి చేతికి వెళ్లింది అన్నది మనం తెలుసుకోవాల్సిన సంగతి.

1066 అక్టోబరులో హేస్టింగ్స్ దగ్గర నార్మండీ ప్రభువు విలియం గెలిచాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1086లో డోమ్స్‌డే అనే భూముల సర్వే జరిగే నాటికి, రాజు దగ్గర నేరుగా పెద్ద భూములు పొందిన ఇంగ్లీషువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. గెలిచినవాళ్లు కొద్దిమంది, ఓడినవాళ్లు దేశమంతా. ఊరికీ ఊరికీ మధ్య అడవి దారిలో ఒంటరిగా దొరికిన నార్మన్ మర్నాటికి శవమయ్యేవాడు. చంపిందెవరో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. దీనికి విరుగుడుగా ఒక చట్టం వచ్చింది. విలియం పేరు మీద నిలిచిన శాసనాల్లో అది ఉంది. అతని వెంట వచ్చినవాడెవడైనా హత్యకు గురైతే, హంతకుడి ప్రభువు ఐదు రోజుల్లో హంతకుణ్ణి పట్టి అప్పగించాలి. లేకపోతే 46 మార్కుల వెండి కట్టాలి. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు. అంటే ముప్పై పౌన్లకు పైమాటే. ఆ ప్రభువు ఆస్తి చాలకపోతే మిగిలినదంతా హత్య జరిగిన పరగణా మొత్తం కలిసి కట్టాలి. ఆ పరగణాను ‘హండ్రెడ్’ అనేవారు. జరిమానా పేరు ‘మర్డ్రమ్’. క్రైమ్ వార్తల్లో మేం వందలసార్లు రాసిన ‘మర్డర్’ అన్న మాట కుదురు అదే.

మా ఉర్దూలో ‘ఖూన్‌బహా’ అనే మాట ఉంది. చిందిన నెత్తురుకు హతుడి కుటుంబానికి చెల్లించే సొమ్ము అది. మర్డ్రమ్ అలాంటిది కాదు. దీంట్లో సింహభాగం రాజు ఖజానాకే. కొడుకు పోయిన తల్లికి దక్కేది ఏముందో ఏమో గానీ, రాజుకు మాత్రం ప్రతి దిక్కులేని శవం మీదా రాబడి.

జరిమానా తప్పించుకోవడానికి ఊరికి ఒకటే దారి. చచ్చినవాడు నార్మన్ కాదు, ఇంగ్లీషువాడేనని రుజువు చెయ్యాలి. దీన్నే ‘ఇంగ్లిష్రీ’ నిరూపణ అన్నారు. మనం ఇంగ్లీషుతనం అనుకుందాం. శవ పంచనామాలో చచ్చినవాడి బంధువులు ముందుకొచ్చి, ఇతను మావాడు, ఇంగ్లీషువాడు అని గవాహీ ఇవ్వాలి. తండ్రి వైపు ఎందరు, తల్లి వైపు ఎందరు చెప్పాలన్నది కౌంటీకో ఆనవాయితీ. ఏళ్లకోసారి రాజు పంపిన న్యాయమూర్తులు కౌంటీకి వచ్చినప్పుడు ఆ గవాహీ రికార్డులో ఉందా లేదా అని చూసేవారు. లేకపోతే జరిమానా. సాక్ష్యం చెప్పే బంధువులెవరూ లేని శవాన్ని చట్టం నార్మన్ శవంగానే లెక్కించేది. పొరుగు దేశం నుంచి కూలికొచ్చి చచ్చిన అనామకుడు కూడా, నోరు విప్పేవాళ్లు లేకపోతే, పాలకుల జాతిలో కలిసిపోయేవాడు. అందుకే ఊరి పొలిమేరలో పరదేశి శవం కనబడితే ఊరికి వణుకు.

ఇక్కడ తక్కెడ ఎటు మొగ్గిందో చూడండి. ఇంగ్లీషువాణ్ణి చంపడం నేరం కాదని చట్టం అనలేదు. చంపినవాడు దొరికితే శిక్ష ఉంది. దొరకనప్పుడే తేడా వచ్చింది. నార్మన్ అయితే పరగణా అంతా కట్టాలి, ఇంగ్లీషువాడైతే ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు. అంటే ఇతను ఇంగ్లీషువాడని అన్నదమ్ములు శవం పక్కన నిలబడి చెప్పడమంటే, ఇతని చావుకు ఖరీదు లేదని చెప్పడమే. ఆ పహచాన్‌ను వాళ్లు కోరి ఎత్తుకోలేదు. ఊరిని కాపాడుకోవడానికి ఒప్పుకున్నారు. బతికున్నవాళ్ల విషయంలోనూ తేడా ఉంది. ఫ్రెంచివాడు దొంగతనమో హత్యో మోపితే ఇంగ్లీషువాడు కాల్చిన ఇనుము పట్టుకోవడమో, ద్వంద్వ యుద్ధం చేయడమో ఎంచుకోవాలి. అదే ఇంగ్లీషువాడు ఫ్రెంచివాడి మీద నేరం మోపి, ఆ రెండు పరీక్షలకూ సిద్ధపడకపోతే, ఫ్రెంచివాడు ప్రమాణం చేసి బయటపడవచ్చు. ఒకే కచేరీలో ఒకడికి ఇనుము, ఒకడికి మాట.

వందేళ్లు గడిచాయి. 1170ల చివర, రాజు ఖజానాదారు రిచర్డ్ ఫిట్జ్‌నైజెల్ ఖజానా పనితీరు మీద సంభాషణ రూపంలో ఒక పుస్తకం మొదలుపెట్టాడు. అందులో మర్డ్రమ్ గురించి వివరిస్తూ ఒక మాట ఒప్పుకుంటాడు. ఇంగ్లీషువాళ్లూ నార్మన్లూ కలిసి బతుకుతున్నారు, ఒకరి పిల్లల్ని ఒకరు పెళ్లాడుతున్నారు, స్వేచ్ఛ ఉన్న మనుషుల్లో ఎవరిది ఏ పుట్టుకో ఇప్పుడు తేల్చడం కష్టం అని. సెక్యులర్ మిత్రులకు నచ్చే వాక్యమిది. మాకూ నచ్చింది. కానీ ఆయన అక్కడ ఆగలేదు. ఒక మినహాయింపు పెట్టాడు. భూమికి కట్టుబడి, యజమాని అనుమతి లేకుండా కదలలేని విల్లెయిన్లు ఈ లెక్కలోకి రారు. దాస్యపు గుర్తులు స్పష్టంగా ఉన్నవాడు తప్ప ఎవడు హతుడైనా మర్డ్రమ్ కిందికే వస్తుంది. అంటే ఏమైంది? పైన ఉన్నవాళ్లు పెళ్లిళ్లతో, భూములతో కలిసిపోయారు. ‘ఇంగ్లీషువాడు’ అన్న ముద్ర అడుగున ఉన్న వెట్టివాడి వీపు మీద మిగిలింది. జాతి పేరుతో మొదలైన తేడా వర్గం పేరుతో కొనసాగింది. కలిసిపోయామని చెబుతున్నవాడు ఎవడో, ఎవరిని మినహాయించి చెబుతున్నాడో చూడకుండా ఆ మాటను నమ్మకూడదని ఫిట్జ్‌నైజెల్ తెలియకుండానే మాకు నేర్పాడు.

ఇప్పుడు ‘ఐవాన్‌హో’ దగ్గరికి మళ్లీ వద్దాం. 1819 చివర వెలువడిన ఈ నవల కథాకాలం 1194 ప్రాంతం. రాజు రిచర్డ్ చెర నుంచి తిరిగొచ్చిన ఏడాది. ఫిట్జ్‌నైజెల్ ఎవరు ఎవరో తేల్చలేమన్న పదిహేనేళ్లకు, స్కాట్ నవలలో శాక్సన్లూ నార్మన్లూ నిన్ననే హేస్టింగ్స్‌లో తలపడినట్టు రెండు శిబిరాలుగా నిలబడి ఉంటారు. నవలాకారుడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండవచ్చు. చరిత్ర తప్పులు ఏరడం మా పని కాదు. స్కాట్ దేన్ని గాయంగా చూపాడు, దేన్ని మామూలుగా వదిలేశాడు అన్నదే మా ప్రశ్న. శాక్సన్ ఆత్మాభిమానానికి ప్రతినిధి సెడ్రిక్. అతని పందుల కాపరి గర్త్. గర్త్ మెడకు ఇత్తడి పట్టీ ఉంటుంది, దాని మీద అతను ఎవరి బానిసో చెక్కి ఉంటుంది. ఆ పట్టీ వేసింది నార్మన్ కాదు, నార్మన్ల అన్యాయం గురించి నవలంతా వాపోయే సెడ్రిక్. మధ్యలో గర్త్‌కు విముక్తి దొరుకుతుంది, నిజమే. కానీ అది యజమాని మెచ్చి ఇచ్చిన బహుమతిగానే వస్తుంది. ఫిట్జ్‌నైజెల్ మినహాయించినవాడు ఈ గర్తే. అణగారిన జాతిలోనూ అణిచేవాడు ఉంటాడని చెప్పే ఇంత మంచి పాత్రను చేతిలో పెట్టుకుని స్కాట్ దాన్ని వినోదానికి వాడుకున్నాడు.

ఈ మాట రాస్తూ మా ఇంటి వైపు చూసుకోకపోతే అన్యాయం. ఇస్లాంలో కులం లేదని సభల్లో చెబుతాం. దూదేకుల సాయిబుతో వియ్యమందడానికి మాత్రం మాలో సయ్యదులమనీ పఠాన్లమనీ చెప్పుకునేవాళ్లు వెనకాడతారు. తెలుగు తప్ప ఉర్దూ రాని ముస్లింను సగం ముస్లింగా చూసే చూపు మాలో ఉంది. సెడ్రిక్‌ను తప్పు పట్టే ముందు మన చేతిలో ఎవరి పట్టీ ఉందో చూసుకోవాలి.

నవల ముగింపు మరీ ముఖ్యం. ఐవాన్‌హో, రోవేనా పెళ్లికి శాక్సన్ పెద్దలూ వస్తారు, నార్మన్ ప్రభువులూ వస్తారు. ఇక రెండు జాతులూ ఒకటవుతాయనడానికి ఆ పెళ్లే పూచీ అన్నట్టు స్కాట్ చెబుతాడు. పెళ్లయిన రెండో రోజు యూదు పిల్ల రెబెకా రోవేనా దగ్గరికి వస్తుంది. గాయపడ్డ ఐవాన్‌హోకు వైద్యం చేసి బతికించిన పిల్ల. మంత్రగత్తె అన్న నింద మోసి చితి దాకా వెళ్లొచ్చిన పిల్ల. తన నగల పెట్టె రోవేనాకిచ్చి, మేం ఈ దేశం వదిలి గ్రనాడా వెళ్తున్నాం, అక్కడి ముస్లిం రాజు దగ్గర మా బాబాయికి పలుకుబడి ఉంది అంటుంది. ఉండిపొమ్మంటుంది రోవేనా. మతం మార్చుకుంటే చెల్లెలిలా చూసుకుంటానంటుంది. రెబెకా ఒప్పుకోదు. స్కాట్ పేర్కొన్న ఆ రాజు బోఅబ్దిల్, అంటే అబూ అబ్దుల్లా. అతను నిజానికి మూడు వందల ఏళ్ల తర్వాతివాడు. 1492లో గ్రనాడాను పోగొట్టుకున్నవాడు. యూదులకు యూరపులో నీడ ఎక్కడ అని వెతికిన రచయితకు ముస్లిం రాజ్యమే తోచింది. అందుకోసం కాలాన్నే దాటేశాడు. మా డిగ్రీ సంక్షిప్త ప్రతిలో ఈ ఘట్టం రెండు వాక్యాల్లో తేలిపోయింది. పరీక్షలో దీని మీద ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

స్కాట్ రెబెకా పక్షాన జాలితోనే రాశాడు, ఆ కాలానికి అది తక్కువ మాట కాదు. ఆమెను ఐవాన్‌హోకు ఇచ్చి పెళ్లి చేయలేదేమని అడిగిన పాఠకులకు, ఆ యుగపు విద్వేషాల్లో అది కుదరదని 1830లో ముందుమాట రాసి మరీ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అయినా ఒక లెక్క మిగిలే ఉంది. రెండు జాతుల కలయిక బొమ్మ పూర్తి కావాలంటే మూడో మనిషి ఓడెక్కి పోవాలి. నవలలో ఆమె తనంతట తాను పోతుంది. చరిత్రలో తరిమేశారు. రెబెకా తండ్రి ఐజాక్ ఊరు యార్క్. 1190 మార్చిలో, అంటే కథాకాలానికి నాలుగేళ్ల ముందు, ఆ యార్క్‌లో దాదాపు 150 మంది యూదులు రాజు కోటలో తలదాచుకుని, చుట్టుముట్టిన గుంపు చేతిలో పడకుండా చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. తర్వాత ఆ గుంపు చర్చికి వెళ్లి చేసిన మొదటి పని అప్పు పత్రాలు తగలబెట్టడం. చట్టం దృష్టిలో యూదులు రాజు సొత్తు. అంటే రాజు కాపాడితే కాపాడినట్టు, పిండుకుంటే పిండుకున్నట్టు. 1275 శాసనం వడ్డీ వ్యాపారాన్ని నిషేధించి, ఏడేళ్లు దాటిన ప్రతి యూదుడూ బట్టల మీద పసుపుపచ్చ గుర్తు కుట్టుకోవాలంది. 1290 జూలైలో మొదటి ఎడ్వర్డ్ వాళ్లందరినీ నవంబరు ఒకటిలోగా దేశం విడిచి పొమ్మన్నాడు. తిరిగి బహిరంగంగా ఉండనివ్వడానికి 1656 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంగ్లీషుతనం నిరూపణ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 1267లో ప్రమాదవశాత్తూ జరిగిన చావులకు మర్డ్రమ్ వేయొద్దన్నారు. 1340లో మూడో ఎడ్వర్డ్ పార్లమెంటు ఆ నిరూపణనే రద్దు చేసింది. మనమంతా ఒకటే కదా అన్న సోదరభావంతో చేశారనుకుంటే పొరపాటు. ఈ ఆచారమేమిటో కూడా తెలియని కౌంటీల జనం జరిమానాల పాలవుతున్నారన్నది శాసనం చెప్పిన కారణం. అప్పటికి ఫ్రాన్సుతో యుద్ధం మొదలై మూడేళ్లయింది. ఆ ఏడాదే ఎడ్వర్డ్ ఫ్రాన్సు రాజునని ప్రకటించుకున్నాడు. నువ్వు ఫ్రాన్సుకు రాజువైనా మేం ఫ్రాన్సుకు లోబడమని పార్లమెంటు అతని చేత రాయించుకుంది. 274 ఏళ్ల తర్వాత ఇంగ్లీషువాడు శవం పక్కన సాక్ష్యం చెప్పుకోవాల్సిన అవసరం తీరింది.

ఆ ప్రశ్న మాత్రం చావలేదు. సముద్రం దాటి ఐర్లండ్‌లో ఉద్యోగం చేస్తూనే ఉంది. అక్కడ పదమూడో శతాబ్దం నుంచి ఇంగ్లీషు చట్టం ఇంగ్లీషువాళ్లకే. ఐరిష్‌వాడు దాని రక్షణ కావాలంటే రాజు దగ్గర పత్రం పొందాలి. ఐరిష్‌వాణ్ణి చంపిన ఇంగ్లీషువాడు కచేరీలో నిలబడి, చచ్చినవాడు ఐరిష్‌వాడు అని చెప్పి రుజువు చేస్తే ఉరి తప్పేది. మహా అయితే ఆ ఐరిష్‌వాడి ప్రభువుకు నష్టపరిహారం. తమను చంపడం నేరంగానే లెక్కించడం లేదని ఐరిష్ రాజు దొనాల్ ఓనీల్, అతని పక్షంవాళ్లూ 1317లో పోపుకు మొరపెట్టుకున్నారు. ఇంగ్లండులో శవం ఇంగ్లీషువాడిదని తేలితే ఊరు బతికేది. ఐర్లండ్‌లో శవం ఐరిష్‌వాడిదని తేలితే హంతకుడు బతికేవాడు. ఓనీల్ మొర పెట్టుకున్న నాటికి సొంత గడ్డ మీద ఇంగ్లీషుతనం నిరూపణ ఇంకా రద్దు కాలేదు. అంటే ఒకే తరంలో, ఒకే రాజు కింద, ఇంగ్లీషువాడు ఒక ఒడ్డున జవాబు చెబుతున్నాడు, రెండో ఒడ్డున ప్రశ్న వేస్తున్నాడు. 1366లో కిల్కెన్నీ శాసనాలు ఇంకో అడుగు వేశాయి. ఐర్లండ్‌లో ఉన్న ఇంగ్లీషువాళ్లు ఐరిష్ వాళ్లను పెళ్లాడకూడదు, ఐరిష్ భాష మాట్లాడితే భూములు పోతాయి అన్నాయి. ఇంగ్లీషే మాట్లాడమన్న ఆ శాసనాలు రాసింది ఫ్రెంచిలో. రెండు భాషల మధ్య బతికే మాలాంటి వాళ్లకు ఇది నవ్వూ తెప్పిస్తుంది, భయమూ పుట్టిస్తుంది.

ఆ ప్రశ్న మన దేశానికీ వచ్చింది. దాని దారి కూడా మధ్యయుగంలోనే ఉంది. 1303లో మొదటి ఎడ్వర్డ్ విదేశీ వర్తకులకు ఒక హక్కు ఇచ్చాడు. వాళ్ల కేసుల్లో జ్యూరీలో సగం మంది వాళ్లలాంటి విదేశీయులే ఉండాలి. దిక్కులేని పరదేశికి స్థానికుల పక్షపాతం నుంచి రక్షణ అది. మంచి చట్టం. ఇంగ్లండు 1870లో దాన్ని వదిలేసింది. 1883లో భారతీయ న్యాయాధికారులు యూరోపియన్ నిందితులను విచారించవచ్చంటూ ఇల్బర్ట్ బిల్లు వచ్చినప్పుడు ఇక్కడి తెల్లవాళ్లు గగ్గోలు పెట్టారు. 1884లో రాజీ కుదిరింది. యూరోపియన్ నిందితుడు కోరితే జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలి. బలహీనుడి కోసం పుట్టిన సగం జ్యూరీ పాలకుడి కవచమైంది. క్రిమినల్ చట్టంలో ఈ జాతి తేడాల చివరి ఆనవాళ్లు 1949లో గానీ పోలేదు. హక్కు అదే, మాటలూ దాదాపు అవే. ఎవరి చేతిలో ఉందన్నదే దాని అర్థాన్ని మార్చేసింది. మైనారిటీకి ప్రత్యేక రక్షణలు ఎందుకని అడిగేవాళ్లు 1303నూ 1884నూ పక్కపక్కన పెట్టి చూస్తే బాగుంటుంది.

అస్తిత్వం గురించి మాట్లాడితే సమాజం చీలిపోతుందని మాకు బుద్ధి చెప్పే మిత్రులు ఉన్నారు. వాళ్లకు మా జవాబు ఒకటే. అడిగించుకునే పహచాన్ వేరు, చెప్పుకునే పహచాన్ వేరు. 1649లో ఇంగ్లండులో డిగ్గర్లు బంజరు భూములు దున్నడానికి వెళ్లినప్పుడు, వాళ్ల నాయకుడు విన్‌స్టాన్లీ భూస్వాములను నార్మన్ విజేతల వారసులన్నాడు. ఆరు వందల ఏళ్ల కిందటి ఓటమిని గుర్తుచేసి కూలివాడికి భూమి అడిగాడు. అక్కడ ఎవరూ అతని తండ్రి వైపు ఇద్దరినీ తల్లి వైపు ఒకరినీ సాక్ష్యం తెమ్మనలేదు. గర్త్ తనను తాను పిలుచుకున్న పేరు అది. పంచనామాలో రాసుకున్న ఇంగ్లీషుతనం మాత్రం రాజు అవసరం కోసం, రాజు భాషలో, రాజు పెట్టిన ధరకు రాసుకున్నది.

2019 ఆగస్టు 31న అస్సాంలో పౌర పట్టిక తుది జాబితా వెలువడింది. 19 లక్షల మందికి పైగా పేర్లు అందులో లేవు. వాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందటి కాగితంలో ఉన్న పూర్వీకుడితో తమ బంధుత్వాన్ని నిరూపించాలని అడిగారు. మర్డ్రమ్‌కూ దీనికీ తేడా లేదనం. అది ఊరి మీద పడే జరిమానా, ఇది మనిషి మీద పడే అనుమానం. కానీ తాత పేరు, తండ్రి పేరు, సాక్షి, కాగితం, గడువు అన్న ఆ వరస మాత్రం మాకు ఎక్కడో చదివినట్టే అనిపించింది. మా అమ్మీ ఆ వార్త టీవీలో చూసి లేచి వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి పాత రేషన్ కార్డు తీసి, దాని మడతలు సాపు చేసి మళ్లీ లోపల పెట్టింది. ఏమీ అనలేదు.

మమ్మల్ని నార్మన్లన్న ఆ మిత్రుడు ఇప్పుడు ఒక ఊళ్లో చరిత్ర పాఠాలు చెబుతున్నాడు. మంచివాడు. మొన్న పెళ్లిలో కలిస్తే ఇదంతా చెప్పాం. ‘ఆ రోజు ఊరికే అన్నాన్రా’ అన్నాడు. మేం నమ్మాం కూడా. ‘ఆ పాఠంలో రెబెకా ఎందుకు వెళ్లిపోయిందో ఈసారి పిల్లల్ని అడుగు’ అన్నాం. అడుగుతానన్నాడు.